హైదరాబాద్ నుంచి బెంగళూరుకు మారే ముందు: ఖర్చుల పోలికపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో కాపురం, బెంగళూరు నుంచి ఆఫర్ లెటర్. జీతం పెరుగుతోంది కానీ, నెలాఖరుకి చేతిలో ఎంత మిగులుతుందో అంతుపట్టడం లేదు. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. అద్దె ఇంట్లో ఉండే ఉద్యోగి కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాశాను. ఛార్జీలు, పన్నులు 2025 నాటివి. మీరు మారేనాటికి మరోసారి సరిచూసుకోండి.

జీతం 25 శాతం పెంచుతామన్నారు. వెళ్లొచ్చా?

ముందు ఆ శాతాన్ని పక్కన పెట్టండి. ఆఫర్ లెటర్‌లో కనిపించే సీటీసీలో (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, ఏడాది చివర్లో వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే, ఒక్కసారే ఇచ్చే జాయినింగ్ బోనస్ అన్నీ కలిసి ఉంటాయి. ఇంటి అద్దె మాత్రం ఒకటో తారీఖున బ్యాంకులో పడే డబ్బులోంచే కట్టాలి. అందుకే హెచ్‌ఆర్ వాళ్లని "నెలకి చేతికి ఎంతొస్తుంది, దాని విడివిడి లెక్క పంపండి" అని నిర్మొహమాటంగా అడగండి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

ఆ తర్వాత ఖర్చు సంగతి. హైదరాబాద్ చవకా, బెంగళూరు చవకా అన్న ప్రశ్నతో మొదలుపెడితే జవాబు దొరకదు. బంజారాహిల్స్‌కీ బాచుపల్లికీ మధ్య ఉన్న తేడా రెండు నగరాల మధ్య తేడా కంటే ఎక్కువ. పోల్చాల్సింది రెండు చిరునామాలని. ఇప్పుడు మీరుంటున్న ఇల్లు, రేపు మీ ఆఫీసుకి, పిల్లల బడికి వీలైన దూరంలో దొరికే ఇల్లు. ఈ రెండిళ్లలో మీ కుటుంబం ఒక నెల గడపడానికి ఎంతవుతుందో లెక్క వేస్తే వెళ్లాలో వద్దో తేలుతుంది.

నగరాలను పోల్చే వెబ్‌సైట్లు ఉన్నాయి కదా, అందులో వచ్చే అంకె సరిపోదా?

నంబియో లాంటి సైట్లలో ధరలను జనమే నమోదు చేస్తారు. న్యూయార్క్‌ను 100గా పెట్టుకుని మిగతా నగరాలకు అంకెలు ఇస్తారు. పేరూ ఊరూ తెలియని దేశానికి వెళ్తున్నప్పుడు ఇది కొంత పనికొస్తుంది. హైదరాబాద్, బెంగళూరు మధ్య మాత్రం పెద్దగా పనికిరాదు. అక్కడ ధరలు రాసినవాళ్లు ఏ పేటలో ఉంటారో, ఏ కొట్లో కొంటారో మనకి తెలియదు. ఆ బుట్టలో ఉన్న వస్తువులు కూడా మన ఇంటి సరుకుల చీటీతో కలవవు.

సరాసరి లెక్కల్లో ఇంకో చిక్కుంది. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల ఖర్చులో అద్దె వాటా ఆరున్నర శాతం చుట్టూనే. సొంతిళ్లలో ఉండేవాళ్లు కూడా ఆ సరాసరిలో కలుస్తారు కాబట్టి అంత తక్కువ. కొత్త ఊళ్లో కాలుపెట్టే అద్దెదారుకి అదే ఖర్చు చేతికొచ్చే జీతంలో పావు వంతు, ఒక్కోసారి మూడో వంతు. మీకు అన్నిటికన్నా బరువైన పద్దు సరాసరిలో తేలిపోతుంది.

ప్రభుత్వం విడుదల చేసే ధరల సూచీలు చూస్తే?

అవి వేరే పని కోసం ఉన్నాయి. ఉదాహరణకి కేంద్ర కార్మిక శాఖ కింద ఉండే లేబర్ బ్యూరో దేశంలో 88 కేంద్రాలకు పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని లెక్కిస్తుంది. 2016లో ప్రతి కేంద్రాన్నీ 100 దగ్గర మొదలుపెట్టి, అక్కడ ధరలు ఎంత పెరిగాయో చెబుతుంది. ఒక ఊళ్లో సూచీ 145, ఇంకో ఊళ్లో 140 ఉంటే మొదటి ఊళ్లో ధరలు వేగంగా పెరిగాయని మాత్రమే అర్థం. మొదటి ఊరు ఖరీదైనదని కాదు. పేపర్లో "ఫలానా రాష్ట్రంలో ద్రవ్యోల్బణం ఎక్కువ" అన్న వార్త చదివి ఆ ఊరికి వెళ్లడం మానేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ రెండిటినీ కలపకండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) విషయంలో హైదరాబాద్, బెంగళూరు రెండూ ఒకే వర్గం, అంటే ఎక్స్ కేటగిరీయే. ఆ వర్గీకరణకు ఆధారం జనాభా, అద్దెలు కాదు. బదిలీ మీద వెళ్లే కేంద్ర ఉద్యోగులకి హెచ్‌ఆర్‌ఏ పైసా పెరగదు, అద్దె మాత్రం పెరగవచ్చు. వాళ్లు ఈ లెక్క ఇంకా జాగ్రత్తగా వేసుకోవాలి.

అద్దెలని ఎలా పోల్చాలి?

ఆఫీసు ఎక్కడో చూసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి. బెంగళూరు ఎంత పెద్దదో అక్కడి ట్రాఫిక్ అంత నెమ్మది. ఆఫీసు మాన్యత టెక్ పార్క్‌లో ఉంటే హెబ్బాళ వైపు, బెళ్లందూరు దగ్గరైతే మారతహళ్లి లేదా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వైపు, ఇన్ఫోసిస్ పక్కనైతే ఎలక్ట్రానిక్ సిటీలో వెతకాలి. బంధువులున్నారనో, తెలుగువాళ్లు ఎక్కువనో ఊరికి ఆ చివర దిగితే అద్దెలో మిగిలింది క్యాబ్‌లకీ, అలసటకీ పోతుంది.

పోల్చేటప్పుడు ఇల్లు కూడా ఒకే రకంగా ఉండాలి. హైదరాబాద్‌లో విడి అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటూ, బెంగళూరులో స్విమ్మింగ్ పూల్ ఉన్న గేటెడ్ కమ్యూనిటీ అద్దె చూసి బెంబేలెత్తడం సరికాదు. ఇదే తిరగేసి కూడా జరుగుతుంది: కొండాపూర్ గేటెడ్ కమ్యూనిటీలో ఉండేవాళ్లు బెంగళూరులో ఒక సొంతదారు ఇంటి పై అంతస్తు అద్దె చూసి చవక అనుకుంటారు. అక్కడ పవర్ బ్యాకప్ ఉండదు, కారు పెట్టుకునే చోటు ఉండదు.

టులెట్ ప్రకటనలో చెప్పిన అద్దెకి మెయింటెనెన్స్ కలిపి ఉందో లేదో అడగండి. పెద్ద కమ్యూనిటీల్లో మెయింటెనెన్స్ చదరపు అడుగు చొప్పున లెక్కగడతారు. నెలకి 7,500 రూపాయలు దాటితే చాలా చోట్ల దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. అద్దె నెలకి 50,000 దాటితే ఓనర్‌కి ఇచ్చే అద్దెలోంచి 2 శాతం టీడీఎస్ (ఓనర్ తరఫున ముందే పట్టే పన్ను) పట్టి ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత మీదే. ఇది మీ జేబుకి అదనపు ఖర్చు కాకపోయినా, కట్టకపోతే నోటీసు వచ్చేది మీకే.

బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ అడుగుతారంటారు. నిజమేనా?

ఒకప్పుడు పది నెలలన్నది మామూలే. ఇప్పుడు చాలామంది ఓనర్లు ఐదారు నెలలకి దిగారు, కొందరు ఇంకా తగ్గిస్తారు, పాత పద్ధతిని వదలనివాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో సాధారణంగా రెండు నెలలు, మహా అయితే మూడు. కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టంలో ఇళ్లకు రెండు నెలలు మించకూడదని ఉంది కానీ, అది రాష్ట్రాలు అమల్లోకి తెచ్చుకుంటేనే చెల్లే నమూనా చట్టం. దాన్ని చూపించి ఓనర్‌తో వాదిస్తే ఇల్లు చేజారుతుందే తప్ప అడ్వాన్స్ తగ్గదు.

40,000 అద్దె ఇంటికి ఐదు నెలలంటే 2 లక్షలు. వడ్డీ లేకుండా ఏళ్ల తరబడి ఓనర్ దగ్గర ఉంటుంది. పర్సనల్ లోన్ తీసి కట్టేట్టయితే ఆ వడ్డీని నెల ఖర్చులో రాసుకోండి. చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు, అడ్వాన్స్ తిరిగొచ్చే డబ్బే కదా అని అసలు రాయరు.

పూర్తిగా తిరిగి రాదు కూడా. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకోవడం బెంగళూరులో పాతుకుపోయిన అలవాటు. ఎంత కాలం ఉంటే ఎంత పట్టుకుంటారో అగ్రిమెంట్‌లోనే రాయించండి. ఇంట్లో దిగిన రోజే గోడలు, కుళాయిలు, స్విచ్‌బోర్డులు, అల్మారాలు వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి. పైసా ఖర్చులేని ఈ పని రెండేళ్ల తర్వాత వేల రూపాయలు కాపాడుతుంది. బ్రోకర్ ద్వారా వెళ్తే ఒక నెల అద్దె అతనికి.

నెలనెలా అద్దె లేకుండా లీజుకి ఇల్లు ఇస్తామంటున్నారు. మంచిదేనా?

బెంగళూరులో ఈ పద్ధతి బాగా ఉంది. పది, పదిహేను, ఇరవై లక్షలు ఒకేసారి ఇచ్చి రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఉండడం, ఖాళీ చేసినప్పుడు మొత్తం వెనక్కి తీసుకోవడం. కాగితం మీద లాభంగానే కనిపిస్తుంది. కానీ ఆ ఇంటి మీద ఓనర్ బ్యాంకు లోన్ తీసుకుని కట్టకపోతే బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకుంటుంది, మీ లక్షలు ఇరుక్కుపోతాయి. ఓనర్‌కి కాకుండా మధ్యలో ఉన్న కంపెనీకి డబ్బు కడితే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని చట్టం. అందుకు ఒప్పుకోని ఓనర్‌కి జీవితకాలం దాచుకున్న డబ్బు ఇవ్వకండి. కొత్త ఊళ్లో మొదటి ఇల్లు మామూలు అద్దెకే తీసుకోండి.

బెంగళూరులో నీళ్ల ఖర్చు ఎక్కువంటారు. నిజమేనా?

ఇంటిని బట్టి ఉంటుంది. బెంగళూరు తాగేది కావేరి నీరు. సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి, సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న నగరానికి పంపులతో ఎక్కించి తేవాలి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల ధరలు హద్దు మీరితే మార్చిలో జిల్లా యంత్రాంగమే ధరలు నిర్ణయించింది. ఐదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకర్‌కి వెయ్యి రూపాయలు. అదే ఏడాది అక్టోబర్‌లో కావేరి ఐదో దశ ప్రారంభమై శివారులోని 110 గ్రామాలకి నీళ్లు ఇవ్వడం మొదలైంది. పరిస్థితి కొంత మెరుగే. అయినా కావేరి కనెక్షన్ ఉన్న ఇల్లు వేరు, బోరు మీదా ట్యాంకర్ మీదా నడిచే ఇల్లు వేరు.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఓనర్ కంటే ముందు వాచ్‌మన్‌తో మాట్లాడండి. ఏప్రిల్, మే నెలల్లో రోజుకి ఎన్ని ట్యాంకర్లు వచ్చాయని అడగండి. మే నెల మెయింటెనెన్స్ బిల్లు చూపించమనండి. బాత్రూమ్ కుళాయిల చుట్టూ, షవర్ రంధ్రాల దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటే అది బోరు నీళ్ల గుర్తు. గీజరు, వాషింగ్ మెషీన్ త్వరగా పాడవుతాయి, తాగడానికి క్యాన్లు కొనాలి.

హైదరాబాద్‌లో మీటరు పెట్టుకుని ఆధార్ అనుసంధానం చేసుకున్న ఇళ్లకి నెలకి 20,000 లీటర్ల దాకా ఉచితం. దానికి అలవాటుపడినవాళ్లకి బెంగళూరు నీటి బిల్లు కొత్తగా కనిపిస్తుంది. అలాగని హైదరాబాద్‌లో ట్యాంకర్ బాధ లేదని కాదు. మణికొండ, నిజాంపేట వైపు వేసవి గడిపినవాళ్లకి ఆ సంగతి చెప్పక్కర్లేదు.

కరెంటు బిల్లు?

ఇది బెంగళూరుకి కలిసొచ్చే పద్దు. హైదరాబాద్‌లో మార్చి నుంచి జూన్ దాకా ఏసీ లేకుండా నిద్రపట్టని ఇళ్లు ఎక్కువ. వాడకం పెరిగేకొద్దీ స్లాబు మారి యూనిట్ ధర కూడా పెరుగుతుంది. బెంగళూరులో ఏడాదిలో చాలా నెలలు ఫ్యాన్‌తో గడిచిపోతుంది, చలికాలంలో అదీ అక్కర్లేదు. గీజరు ఖర్చు మాత్రం ఏడాదంతా ఉంటుంది.

ఉచిత కరెంటు ఇచ్చే కర్ణాటక గృహజ్యోతి పథకం 200 యూనిట్ల లోపు వాడే అద్దెదారులకి కూడా వర్తిస్తుంది. రేషన్ కార్డు షరతు లేదు. తెలంగాణలో ఇదే పేరుతో ఉన్న పథకానికి తెల్ల రేషన్ కార్డు కావాలి. కర్ణాటకలో ఎవరికైనా 200 యూనిట్లు మొత్తం ఉచితమని అనుకోవద్దు. ఆ మీటరు పాత సరాసరి వాడకానికి 10 శాతం కలిపి పరిమితి పెడతారు. 200 దాటిన నెల బిల్లు మొత్తం కట్టాలి. మీకంటే ముందున్న అద్దెదారు తన ఆధార్‌ను ఆ మీటరు నుంచి తీసేయించుకున్నాడో లేదో దిగేముందే కనుక్కోండి.

రోజువారీ ప్రయాణం ఎక్కడ చవక?

పెట్రోలు బెంగళూరులోనే తక్కువ. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం. కర్ణాటక 2024 జూన్‌లో పెంచిన తర్వాత కూడా 29.84 శాతమే. లీటరు దగ్గర నాలుగైదు రూపాయల తేడా ఉంటుంది. కానీ ట్రాఫిక్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబడే సమయం ఆ తేడాని మింగేస్తుంది.

మెట్రో రెండు చోట్లా 2025లోనే ఖరీదైంది. బెంగళూరులో ఫిబ్రవరి నుంచి కనీసం 10, గరిష్ఠంగా 90 రూపాయలు. హైదరాబాద్‌లో మే నెలలో పెంచి, మళ్లీ 10 శాతం తగ్గించాక 11 నుంచి 69 రూపాయలు. రోజూ ఊరు దాటి వెళ్లి వచ్చేవాళ్లకి బెంగళూరు మెట్రో తక్కువ ఖర్చేమీ కాదు. అయితే వైట్‌ఫీల్డ్‌కి పర్పుల్ లైన్, 2025 ఆగస్టులో తెరిచిన ఎల్లో లైన్‌తో ఎలక్ట్రానిక్ సిటీకి దారి దొరికాయి. బెళ్లందూరు, మారతహళ్లి మీదుగా వెళ్లే బ్లూ లైన్ 2025 చివరికి కూడా పూర్తి కాలేదు. మీ ఆఫీసు ఆ రోడ్డు మీదే ఉంటే మెట్రోని లెక్కలోకి తీసుకోకండి.

ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం రెండు రాష్ట్రాల్లోనూ 2023లోనే మొదలైంది. రెండు చోట్లా స్థానిక చిరునామాతో గుర్తింపు కార్డు ఉండాలి. ఆధార్‌లో అడ్రస్ మార్చుకునేదాకా బెంగళూరు సిటీ బస్సులో టికెట్ కొనాల్సిందే. ఏసీ బస్సులకి ఎలాగూ వర్తించదు.

మా కారు, బైకు తీసుకెళ్లాలా?

వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి బండి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలన్నది మోటారు వాహనాల చట్టం. దానికి హైదరాబాద్ ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, బండి మీద లోన్ ఉంటే బ్యాంకు కాగితం కూడా కావాలి. ఆపైన కర్ణాటకలో బండి వయసును బట్టి లైఫ్‌టైమ్ ట్యాక్స్ కట్టాలి. కర్ణాటక వాహన పన్ను దేశంలోనే ఎక్కువ ఉన్న వాటిలో ఒకటి. తెలంగాణలో కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన భాగానికి దరఖాస్తు చేసుకోవచ్చు కానీ, ఆ డబ్బు వస్తుందని బడ్జెట్ వేసుకోకండి.

పాత బైకుని హైదరాబాద్‌లోనే అమ్మేసి అక్కడ సెకండ్ హ్యాండ్ కొనుక్కోవడం చాలామందికి సులువు. కొత్త బండి కొనబోతుంటే, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీ మీదైతే, ఏ రాష్ట్రంలోనైనా చెల్లే బీహెచ్ నంబరు గురించి అడగండి. పన్ను రెండేళ్లకోసారి కట్టుకుంటూ పోవచ్చు, ఊరు మారినప్పుడల్లా ఈ తలనొప్పి ఉండదు.

కిరాణా, పాలు, బయట తిండి?

ఇక్కడ పెద్ద తేడా రాదు. సోనామసూరి బెంగళూరులో ఏ కొట్లోనైనా దొరుకుతుంది. రాయచూరు, సింధనూరు, గంగావతి వైపు తుంగభద్ర ఆయకట్టులో స్థిరపడ్డ తెలుగు రైతులు పండించేదే అందులో చాలా ఉంటుంది. నందిని పాలు 2025 ఏప్రిల్‌లో లీటరుకి 4 రూపాయలు పెరిగాక కూడా హైదరాబాద్ ప్యాకెట్ పాల కంటే తక్కువకే వస్తాయి. గ్యాస్ సిలిండర్ కూడా బెంగళూరులో యాభై రూపాయల దాకా తక్కువ.

మనకి తెలియకుండా ఖర్చు పెరిగేది కూరల దగ్గర. హైదరాబాద్‌లో ప్రతి వీధి మలుపులో కర్రీ పాయింట్ ఉంటుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో అన్నం వండుకుని పప్పు, వేపుడు తెచ్చుకుంటే సాయంత్రం గడిచిపోతుంది. బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం లాంటి చోట్ల తప్ప ఆ వీలు అంతగా లేదు. దర్శినిలో (అక్కడి చిన్న టిఫిన్ హోటల్) ఇడ్లీ, దోసె చవక, రుచి కూడా. రాత్రి భోజనానికి మాత్రం ఫోన్‌లో ఆర్డర్ పెట్టే అలవాటు పడిందంటే నెలకి మూడు నాలుగు వేలు ఎటుపోయాయో తెలియదు.

పిల్లల చదువు?

ఫీజులు బడిని బట్టి ఉంటాయి, రెండు ఊళ్లలోనూ ఎంత ఖరీదైన బడి కావాలంటే అంత ఉంది. ఊరు మారడం వల్ల అదనంగా పడేది అడ్మిషన్ ఫీజు, కొత్త యూనిఫాం, పుస్తకాలు. మధ్యలో మారితే ఇక్కడ కట్టిన టర్మ్ ఫీజు తిరిగి రాకపోవచ్చు. కర్ణాటకలో సీబీఎస్ఈ బడుల్లో కూడా కన్నడ నేర్పాలి. మూడో తరగతి పిల్లవాడు ఆడుతూ పాడుతూ నేర్చేసుకుంటాడు. ఏడో తరగతిలో చేరినవాళ్లకి ట్యూషన్ పెట్టించాల్సి రావచ్చు.

అంతకంటే పెద్ద విషయం ఇంకోటుంది, దీన్ని తల్లిదండ్రులు ఆలస్యంగా తెలుసుకుంటారు. తెలంగాణలో ఇంజినీరింగ్, మెడికల్ కన్వీనర్ సీట్లు (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి) లోకల్ విద్యార్థులకే దక్కేలా నిబంధనలు ఉన్నాయి. మెడికల్ సీటుకి తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు వరుసగా తెలంగాణలోనే చదివి ఉండాలన్న నిబంధనని 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. కర్ణాటకలో కేసీఈటీ (అక్కడి ప్రవేశ పరీక్ష) కోటాకి ప్రధాన నిబంధన ఒకటి నుంచి పన్నెండో తరగతి లోపు ఏడేళ్లు అక్కడ చదవడం. అంటే పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా మారితే, ప్రత్యేక మినహాయింపు ఏదీ వర్తించకపోతే, ఇక్కడా లోకల్ కాదు, అక్కడా లోకల్ కాదు. కన్వీనర్ కోటా సీటుకీ మేనేజ్‌మెంట్ సీటుకీ మధ్య తేడా లక్షల్లో ఉంటుంది. నెలకి ఐదు వేలు మిగిలే ఉద్యోగ మార్పు దీన్ని పూడ్చలేదు. పిల్లలు ఎనిమిదో తరగతి దాటితే మిగతా లెక్కలన్నిటికంటే ముందు ఇది చూడండి.

పన్నుల్లో తేడా ఉంటుందా?

ఆదాయపు పన్ను దేశమంతా ఒక్కటే. వృత్తి పన్ను తెలంగాణలో నెలకి 20,000 దాటితే 200, కర్ణాటకలో 25,000 నుంచి 200, ఫిబ్రవరిలో 300. ఏడాదికి వంద రూపాయల తేడా, వదిలేయండి. అద్దె ఎక్కువ కడుతున్నాం కదా పన్ను తగ్గుతుందని అనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, కొత్త విధానం ఎంచుకున్నవాళ్లకి లేదు.

ఊరికి వెళ్లొచ్చే ఖర్చు కూడా రాసుకోవాలా?

తప్పకుండా. మీ సొంతూరు ఎక్కడో దాన్నిబట్టి ఈ ఒక్క పద్దు మొత్తం లెక్కనే మార్చేస్తుంది. అమ్మానాన్నలు అనంతపురంలోనో హిందూపురంలోనో ఉంటే బెంగళూరు వెళ్లడం అంటే ఇంటికి దగ్గరవడం. తిరుపతి, చిత్తూరు వాళ్లకీ అంతే. అదే నల్గొండ, కరీంనగర్, ఖమ్మం వాళ్లైతే హైదరాబాద్ దాకా 570 కిలోమీటర్లు వచ్చి అక్కడి నుంచి మళ్లీ బస్సెక్కాలి. కాచిగూడ-యశ్వంతపుర వందేభారత్ 2023 సెప్టెంబర్ నుంచి ఉంది, పగటిపూట ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. సంక్రాంతికి, దసరాకి టికెట్లు దొరక్క ప్రైవేటు బస్సుల్లో వెళ్తే నలుగురికి రానుపోను ఎంతవుతుందో పోయిన పండక్కి వెళ్లినవాళ్లని అడగండి. పెద్దవాళ్లకి ఒంట్లో బాగాలేక అప్పటికప్పుడు బయల్దేరాల్సి వచ్చే ప్రయాణాలూ ఉంటాయి. ఏడాది మొత్తం వేసి పన్నెండుతో భాగించి నెల ఖర్చులో రాయండి.

ఒక ఉదాహరణతో లెక్క చూపిస్తారా?

ఇది ఊహించి వేసింది, అంకెల స్థానంలో మీవి పెట్టుకోండి. భార్యాభర్తలు, మూడో తరగతి చదివే బాబు. సంపాదించేది ఒక్కరు. సొంతూరు నల్గొండ దగ్గర. హైదరాబాద్‌లో చేతికి 1,10,000 వస్తోంది, బెంగళూరులో 1,35,000 ఇస్తామన్నారు.

కొండాపూర్ ఇంట్లో నెలకి:
- అద్దె, మెయింటెనెన్స్ 28,000
- కరెంటు (ఏడాది సరాసరి) 2,000
- బడి ఫీజు, స్కూల్ బస్సు 11,000
- పెట్రోలు, ఆటోలు 4,500
- కిరాణా, పాలు, కూరగాయలు, గ్యాస్ 17,000
- పనిమనిషి 3,000
- ఊరి ప్రయాణాలు 3,000
- ఫోన్, ఇంటర్నెట్, మందులు, మిగతావి 6,000

మొత్తం 74,500. మిగిలేది 35,500.

బెళ్లందూరు దగ్గరి ఇంట్లో ఇవే పద్దులు వరుసగా 40,000, 1,200, 15,000, 4,000, 17,500, 4,500, 7,000, 6,000. మొత్తం 95,200. మిగిలేది 39,800.

జీతం 25,000 పెరిగితే మిగులు పెరిగింది 4,300. ఇప్పుడు మారడానికి ఒక్కసారి అయ్యే ఖర్చు చూడండి. బ్రోకర్‌కి 40,000, ప్యాకర్స్ అండ్ మూవర్స్‌కి 35,000, బడి అడ్మిషన్‌కి 50,000, కర్టెన్లు, ప్లంబరు, చిన్నాచితకా 10,000. మొత్తం 1,35,000. నెలకి 4,300 చొప్పున ఇది పూడటానికి రెండున్నరేళ్లు దాటుతుంది. అడ్వాన్స్ కింద హైదరాబాద్ ఓనర్ రెండు నెలలది 56,000 తిరిగిచ్చినా, బెంగళూరులో ఐదు నెలల అడ్వాన్స్ 2 లక్షలు కట్టాలి కాబట్టి ఇంకో 1,44,000 మీ చేతిలోంచి పోయి బెంగళూరు ఓనర్ దగ్గర ఆగుతుంది.

ఇదంతా చూసి మారొద్దని చెప్పడం లేదు. ఇదే కుటుంబానికి సొంతూరు హిందూపురమైతే ఊరి ప్రయాణాల పద్దు బాగా తగ్గుతుంది. కంపెనీ రీలొకేషన్ కింద లక్ష ఇస్తే ఒక్కసారి ఖర్చు చాలావరకు తీరిపోతుంది. ఆఫర్ ఒప్పుకునే ముందు అడగాల్సింది అదే. జీతం పెంచడానికి కుదరదనే హెచ్‌ఆర్ వాళ్లు కూడా సామాన్ల రవాణా, మొదటి రెండు వారాల బస, బ్రోకర్ ఖర్చు ఇవ్వడానికి చాలాసార్లు ఒప్పుకుంటారు.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులమైతే?

రెండో ఉద్యోగం ఏమవుతుందన్నదే అసలు లెక్క. ఒకరి జీతం పాతిక వేలు పెరిగి, ఇంకొకరు ఆరు నెలలు ఖాళీగా ఉండాల్సి వస్తే ఏళ్ల తరబడి వచ్చే లాభం ఆ ఆరు నెలల్లోనే పోతుంది. భార్య ఉద్యోగాన్ని "అక్కడికెళ్లాక చూసుకుందాంలే" అని తేలిగ్గా తీసుకునే ఇళ్లు చాలా చూశాను. అది న్యాయం కాదు, లెక్క ప్రకారం కూడా తప్పు. ఇద్దరికీ ఆఫర్లు చేతికొచ్చాకో, ఒకరికి వర్క్ ఫ్రమ్ హోమ్ రాతపూర్వకంగా ఖాయమయ్యాకో బయల్దేరండి.

నేను బ్యాచిలర్‌ని, నాకూ ఇంత లెక్క కావాలా?

అక్కర్లేదు. పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్) దిగండి. అమీర్‌పేట, గచ్చిబౌలి హాస్టళ్లలాగే అక్కడా భోజనంతో కలిపి గదులు దొరుకుతాయి, అడ్వాన్స్ తక్కువ. ఖాళీ చేసేటప్పుడు ఎంత పట్టుకుంటారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో రాయించుకోండి చాలు. రెండు మూడు నెలలు ఉండి ఊరు తెలిశాక స్నేహితులతో ఫ్లాట్ చూసుకోవచ్చు. పెళ్లైనవాళ్లకి కూడా ఇది మంచి దారే. కుటుంబాన్ని విద్యా సంవత్సరం ముగిసేదాకా హైదరాబాద్‌లో ఉంచి, ముందు ఒక్కరే వెళ్తే ఇల్లు తొందరపడి ఒప్పుకోవాల్సిన పని ఉండదు. ఆ కొన్నాళ్లు రెండు కాపురాల ఖర్చు పడుతుంది, దాన్ని మారే ఖర్చులో కలుపుకోండి.

హైదరాబాద్‌లో సొంత ఫ్లాట్ ఉంది, ఈఎంఐ నడుస్తోంది. అద్దెకిచ్చి వెళ్తే సరిపోతుందా?

సరిపోవచ్చు, కానీ వచ్చే అద్దెని పూర్తిగా లెక్కలో వేసుకోకండి. ఏడాదికి పదకొండు నెలల అద్దె వస్తుందనుకోండి, అద్దెదారు మారేటప్పుడు ఒక నెల ఖాళీగా ఉండటం మామూలే. అద్దె ఆదాయంలో 30 శాతం ప్రామాణిక తగ్గింపు పోను మిగతాదాని మీద పన్ను పడుతుంది, లోన్ వడ్డీని అందులోంచి తీసేసుకోవచ్చు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు హైదరాబాద్ ఇంటి లోన్ వడ్డీనీ, బెంగళూరు అద్దెకి హెచ్‌ఆర్‌ఏనీ రెండూ చూపించుకోవచ్చు. తాళం చెవి ఎవరి దగ్గర పెడతారో, కుళాయి పాడైతే ఎవరు వెళ్లి చూస్తారో ముందే తేల్చుకోండి. పక్క ఫ్లాట్ వాళ్లో, దగ్గరి బంధువులో ఆ బాధ్యత తీసుకోకపోతే మనిషిని పెట్టుకోవాలి, ఆ ఖర్చునీ అద్దెలోంచి తగ్గించి చూడండి.